రిపోర్టులన్నీ నార్మల్, పాపకు కడుపునొప్పి మాత్రం తగ్గడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మా పాపకు 11 ఏళ్ళు, ఆరో తరగతి. పోయిన వానాకాలంలో వారం రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గాయి గానీ అప్పటి నుంచి వారంలో రెండు మూడు రోజులు బొడ్డు చుట్టూ నొప్పి అంటుంది. ఎక్కువగా పొద్దున స్కూలుకు బయల్దేరే ముందే. రక్త పరీక్షలు, మూత్ర పరీక్ష నార్మల్. స్కానింగ్‌లో మాత్రం పేగుల దగ్గర 6 మిల్లీమీటర్ల లింఫ్ నోడ్స్ ఉన్నాయని రాశారు. టీబీ ఏమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఒక డాక్టరు ఎండోస్కోపీ చేద్దామన్నారు. పాలు, పెరుగు, కందిపప్పు, కారం అన్నీ మాన్పించాను. తేడా లేదు. ఇప్పుడు మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, ఇలాంటి పిల్లలకు, పేగుకు మేలు చేస్తుందనే బాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్ పొడి ఇచ్చి చూసే అధ్యయనం ఒకటి జరుగుతోంది, చేర్పిస్తారా అని అడిగారు. సగం మందికి మందు లేని ఉత్తుత్తి పొడి ఇస్తారట. పరీక్షలు ఫ్రీ కదా, చేర్పిద్దాం అంటారు మావారు. పిల్ల మీద ప్రయోగాలేంటని మా అత్తగారు గొడవ చేస్తున్నారు. స్కూల్లో టీచరేమో పాప నాటకమాడుతోంది అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ పాప నాటకమాడటం లేదు. ఈ మాట ముందు టీచర్ గారికి చెప్పండి, ఆ తర్వాత పాప వినేలా ఇంట్లో అందరికీ చెప్పండి. రిపోర్టులు నార్మల్‌గా వచ్చినంత మాత్రాన నొప్పి అబద్ధం అయిపోదు.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ ఆప్లే అనే పిల్లల డాక్టరు వెయ్యి మంది బడిపిల్లలను పరిశీలించి 1958లో ఫలితాలు ప్రచురించారు. మూడు నెలల్లో కనీసం మూడుసార్లు, చేసే పని మానేసేంతగా కడుపునొప్పి వచ్చేవాళ్ళు పదిమందిలో ఒకరు ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఎంత వెతికినా ఏ జబ్బూ దొరకలేదు. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే అంత అనుమానించాలి అని పిల్లల డాక్టర్లు ఇప్పటికీ ఆయన పేరు మీదే చెప్పుకుంటారు. మీ పాప చెయ్యి పెట్టి చూపించేది బొడ్డు దగ్గరే అన్నారు కదా, అది కాస్త ధైర్యమిచ్చే విషయం.

మరి జబ్బు లేకుండా నొప్పి ఎందుకు? పేగు గోడల్లో పెద్ద నరాల వ్యవస్థ ఉంటుంది, దానికీ మెదడుకూ మధ్య కబుర్లు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. కొందరు పిల్లల్లో ఆ నరాలు అతిగా స్పందిస్తాయి. మనకు తెలియకుండానే జరిగిపోయే పేగు కదలిక, కొద్దిపాటి గ్యాస్ కూడా వాళ్ళకు నొప్పిగా తెలుస్తుంది. ఒకసారి గట్టిగా విరేచనాలు పట్టుకుంటే ఈ స్థితి మొదలవడం బాగా గమనించిన విషయమే. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, బాక్టీరియా వల్ల విరేచనాలైన పిల్లల్లో 36 శాతం మందికి తర్వాత ఇలాంటి కడుపునొప్పి కనిపించింది. అలా విరేచనాలు కాని పిల్లల్లో అది 11 శాతమే. మీరు రాసిన కథ దీనికి సరిగ్గా సరిపోతోంది. దీన్ని ఫంక్షనల్ అబ్డామినల్ పెయిన్ అంటారు. పేరు పెట్టడం కోసం పెట్టింది కాదు ఇది. నెలకు నాలుగుసార్లయినా, రెండు నెలలకు తగ్గకుండా నొప్పి ఉండాలి, సరిగ్గా పరీక్షించాక దాన్ని మరో జబ్బు వివరించలేకపోవాలి అని 2016లో అంతర్జాతీయ నిపుణులు స్పష్టమైన కొలతలు పెట్టారు. డాక్టరు ఇది ఫంక్షనల్ అంటే ‘ఏమీ లేదు, పొమ్మన్నారు’ అని అర్థం చేసుకోవద్దు.

ఇక స్కానింగ్‌లో కనిపించిన బిళ్ళల, అంటే లింఫ్ నోడ్స్ సంగతి. మీ ఒక్కరికే కాదు, మన దగ్గర ఈ ఒక్క లైను చదివి నిద్ర మానుకున్న తల్లిదండ్రులు ఎందరో. పిల్లల పేగుల దగ్గర లింఫ్ నోడ్స్ ఉండటం సహజం. తిండితో, నీళ్ళతో లోపలికి వచ్చే క్రిములతో పోరాడటమే వాటి పని. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో, కిడ్నీ రాళ్ళ అనుమానంతో సీటీ స్కాన్ తీసిన పిల్లల ఫిల్ములు తీసి చూశారు. కడుపులో వాపు జబ్బేదీ లేని పిల్లలు వాళ్ళు. సగానికి పైగా మందిలో 5 మిల్లీమీటర్లు దాటిన నోడ్స్ కనిపించాయి. అందుకే అడ్డంగా కొలిస్తే 8 మిల్లీమీటర్లు దాటినప్పుడే పెరిగినట్టు లెక్కేయాలని ఆ పరిశోధకులు సూచించారు. మీ పాపవి 6. పేగుల టీబీ అయితే బరువు తగ్గడం, సాయంత్రం జ్వరాలు, ఆకలి చచ్చిపోవడం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం, వీటిలో ఏదో ఒకటి సాధారణంగా తోడుంటుంది. ఇవేవీ లేకుండా ఆ ఒక్క కొలత చూసి టీబీ మందులు మొదలుపెట్టమని ఎవరైనా అంటే, రెండో డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి.

ఎండోస్కోపీకి కూడా తొందర లేదు, కొన్ని విషయాలు మీరు ఖాయం చేసుకుంటే. పాప రాత్రి నిద్రలోంచి నొప్పితో లేస్తోందా? మలంలో రక్తం, పచ్చటి వాంతులు, మింగడం కష్టం కావడం, తరచూ జ్వరం, కీళ్ళ నొప్పులు, నోట్లో మానని పుళ్ళు, మలద్వారం దగ్గర పుండ్లు ఉన్నాయా? నొప్పి కుడి వైపు కింద గానీ పైన గానీ నిలిచిపోయిందా? అన్నిటికంటే ముఖ్యం, గత ఏడాదిగా ఎత్తు, బరువు పెరిగాయా? స్కూల్ హెల్త్ కార్డులో, పాత ప్రిస్క్రిప్షన్ల మీద రాసిన బరువులు వెతికి తీసి, తేదీలతో ఒక కాగితం మీద రాయండి. మీ దగ్గరున్న స్కానింగ్ రిపోర్టు కంటే ఆ కాగితమే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా, ఎదుగుదల ఆగినా, ఎండోస్కోపీతో సహా పరీక్షలు ముందుకు వెళ్ళాల్సిందే. ఏదీ లేకపోతే పేగులో వాపు ఉందేమో చెప్పే, మలంలో చేసే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, గోధుమ పడని సీలియాక్ జబ్బుకు రక్త పరీక్ష సరిపోతాయేమో డాక్టరును అడగండి. సీలియాక్ ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో బాగా తక్కువ, కానీ అసలు లేకపోలేదు. జీర్ణాశయంలో ఉండే హెచ్. పైలోరీ అనే బాక్టీరియా కోసం పరీక్షలు మాత్రం ఇలాంటి నొప్పికి చేయవద్దని ఐరోపా, ఉత్తర అమెరికా పిల్లల గ్యాస్ట్రో సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల్లో ఉంది.

మీ ఉత్తరంలో ఒక విషయం లేదు, అదే నేను అన్నిటికంటే ముందు అడుగుతాను. పాపకు విరేచనం ఎలా అవుతోంది? చాలామంది తల్లులు ‘రోజూ వెళుతుందండీ’ అంటారు. రోజూ వెళ్ళినా పూర్తిగా కాకపోవచ్చు, గట్టిగా ఉండలు ఉండలుగా కావచ్చు. పొద్దున ఏడున్నరకు బస్సెక్కిన పిల్ల సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు చేరుతుంది. బడిలో బాత్రూముకు తలుపు గడియ ఉండదు, నీళ్ళు ఉండవు, ఉన్నా వాసన. ఆరో తరగతి ఆడపిల్ల బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడమే మానేస్తుంది. ఇచ్చిన బాటిల్ నిండుగానే తిరిగొస్తోందా చూడండి. ఇంటికి రాగానే బ్యాగు పడేసి బాత్రూములోకి పరుగెడుతోందా గమనించండి. అలా ఆపుకున్న మలం పేగులో గట్టిపడి, అదే నొప్పికి కారణమయ్యే పిల్లలు చాలామంది.

మలబద్ధకం ఉంటే మలం మెత్తబడటానికి డాక్టరు ఇచ్చే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిని వారం రోజులకే ఆపేయకండి. కనీసం రెండు నెలలు పడుతుంది, అలవాటు పడిపోతుందన్న భయం అక్కర్లేదు. దాంతోపాటు టిఫిన్ తిన్న పావుగంటకు ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టండి. తిన్న వెంటనే పెద్దపేగు కదులుతుంది, ఆ సమయాన్ని వాడుకోవాలి. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేయండి, మోకాళ్ళు నడుము కంటే పైకి ఉండాలి. దీనికోసం పాప ఇప్పటికంటే అరగంట ముందు లేవాలి, మీరూ లేవాలి. కష్టమే, కానీ ఏ సిరప్పూ చేయని పని ఇది చేస్తుంది.

ఇక తిండి. పాలు, పెరుగు, పప్పు అన్నీ ఒక్కసారే మాన్పించారు, నొప్పి తగ్గలేదు. మరి ఇంకా ఎందుకు మాన్పిస్తున్నారు? మీ భయం అర్థమవుతుంది. కానీ 11 ఏళ్ళ ఆడపిల్ల గబగబా ఎత్తు పెరిగే వయసులో ఉంది. ఆ వయసుకు రోజుకు 850 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పాలు, పెరుగు లేకుండా మన భోజనంలో అది రావడం చాలా కష్టం. మాంసకృత్తులకు మన ఇళ్ళలో పప్పే ఆధారం. మీరు తీసేసింది నొప్పిని కాదు, ఆ రెండిటినీ.

పాలలోని చక్కెర అరగకపోవడం మన దక్షిణాది వాళ్ళలో ఎక్కువే. అయినా అరగనివాళ్ళలో కూడా ఎక్కువమంది ఒక గ్లాసు పాలు ఇబ్బంది లేకుండా తాగగలరు, పెరుగు ఇంకా సులువు. అనుమానముంటే పద్ధతిగా తేల్చుకోండి. పాలు మాత్రమే రెండు వారాలు ఆపండి, మిగతావన్నీ పెట్టండి, తర్వాత మళ్ళీ ఇవ్వండి. ఆపినప్పుడు నొప్పి తగ్గి, ఇచ్చినప్పుడు తిరిగొస్తేనే పాలు కారణం. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుల్లో ఉండే, పేగులో పులిసే పిండిపదార్థాలు తగ్గించే ఆహారంతో 2015లో అమెరికాలో 33 మంది పిల్లలను పరీక్షించారు, నొప్పి కొంత తగ్గింది. అయితే ఆ ఆహారం పెట్టింది రెండు రోజులే. ఇంటర్నెట్లో చూసి నెలల తరబడి పిల్లకు అవి మాన్పించేవాళ్ళు ఈ సంగతి గమనించరు. మీ పాపకు తోటకూర, చిక్కుడు, జామకాయ, రాగి సంకటి, జొన్న రొట్టె పెట్టండి. తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, ప్యాకెట్ చిప్స్‌తో గడిచే రోజులు తగ్గించండి. కారం ఇంటిల్లిపాదీ తినేంత తినవచ్చు. అత్తగారు వాము నీళ్ళు ఇస్తానంటే ఇవ్వనివ్వండి, నష్టం లేదు.

తిండి కంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇంకొకటి ఉంది, అది మీ చేతిలోనే ఉంది. అమెరికాలో లిన్ వాకర్ అనే సైకాలజిస్టు బృందం 2006లో ఒక పరిశోధన ప్రచురించింది. ఇలాంటి నొప్పి ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ కడుపు నిండుగా నీళ్ళు తాగించి, కొద్దిగా ఇబ్బంది కలిగించారు. తర్వాత తల్లిదండ్రులను మూడు రకాలుగా విడదీశారు. కొందరిని నొప్పి గురించే అడుగుతూ ఓదార్చమన్నారు. కొందరిని మాట మార్చి వేరే సంగతులు మాట్లాడమన్నారు. మిగతావాళ్ళకు ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పనివాళ్ళతో పోలిస్తే, ఓదార్చినవాళ్ళ పిల్లలు నొప్పి గురించి చెప్పడం దాదాపు రెట్టింపైంది, మాట మార్చినవాళ్ళ పిల్లల్లో సగానికి పడిపోయింది. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది దీని తర్వాతి భాగం. మాట మార్చడం పిల్లలకు చెడు చేస్తుందేమోనని తల్లిదండ్రులు అనుకున్నారు. పిల్లలేమో మాట మార్చినప్పుడే హాయిగా అనిపించిందన్నారు.

కాబట్టి పొద్దున లేవగానే ‘కడుపు ఎలా ఉందమ్మా?’ అని అడగడం ఈ రోజు నుంచే ఆపండి. పాప తనంతట తాను చెబితే ‘అవునమ్మా, నొప్పిగా ఉంది కదా’ అని ఒక్కసారి ఒప్పుకుని, జడ వేస్తూ వేరే కబుర్లలోకి దించండి. స్కూలు మాన్పించకండి. మాన్పించిన రోజు టీవీ, ఫోను, ఇష్టమైన టిఫిను దొరికితే, పాప కావాలని చేయకపోయినా ఆమె ఒళ్ళు ఆ లెక్క నేర్చుకుంటుంది. స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఏదైనా సబ్జెక్టు టెన్షన్ పెడుతోందా అని నొప్పి లేని రోజు, తీరిగ్గా ఉన్నప్పుడు అడగండి. పిల్లలకూ తల్లిదండ్రులకూ ఈ విధంగా మెలగడం నేర్పే మూడు సిటింగుల చికిత్సను 200 మంది పిల్లలపై పరీక్షించి 2010లో ప్రచురించారు. నొప్పి విషయంలో అది బాగా పనిచేసింది. నెదర్లాండ్స్‌లో 53 మంది పిల్లలపై చేసిన మరో పరీక్షలో, కడుపు మీద దృష్టి పెట్టించే హిప్నోథెరపీతో ఏడాది తర్వాత 85 శాతం మందికి నయమైంది. మామూలు వైద్యంతో అది 25 శాతం. మన జిల్లాల్లో ఇలాంటి శిక్షణ పొందినవాళ్ళు దొరకడం కష్టమే గానీ, మెడికల్ కాలేజీలో క్లినికల్ సైకాలజిస్టు ఉంటే ఒకసారి చూపించండి. ‘పిచ్చి డాక్టరు’ అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

ఇప్పుడు మీరు అసలు అడిగిన ప్రశ్న, అధ్యయనంలో చేర్పించాలా అన్నది. అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేసిన పత్రాలు బయటపడ్డాయి. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. జరిగిన మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు, కానీ అనుమతులు తీసుకున్న తీరును పార్లమెంటరీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. పేద గిరిజన పిల్లల విషయంలో జరిగిన ఆ అన్యాయం మరిచిపోకూడనిది.

అయితే పిల్లల మీద పరీక్షలే వద్దంటే పిల్లలకు మందులే ఉండవు. పసిపిల్లలకు చుక్కలుగా వేసే రోటావాక్ టీకా హైదరాబాద్‌లో తయారైంది. ఢిల్లీ, పుణె, వెల్లూరులో 6,799 మంది పసివాళ్ళు పరీక్షలో పాల్గొన్నారు, వాళ్ళలో మూడో వంతుకు ఉత్తుత్తి చుక్కలే పడ్డాయి. తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు సగానికి పైగా తగ్గుతాయని అలాగే తెలిసింది. 2016లో ప్రభుత్వం ఉచితంగా వేయడం మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ 6,799 మంది తల్లిదండ్రులకు మనం రుణపడి ఉన్నాం.

ఉత్తుత్తి పొడి ఎందుకని మీ సందేహం. కడుపునొప్పి దానంతట అదే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, మంచి డాక్టరు చూస్తున్నారన్న ధీమాతో కూడా తగ్గుతుంది. దిగులుకూ, దీర్ఘకాల నొప్పులకూ వాడే ఎమిట్రిప్టిలిన్ మాత్రను 90 మంది పిల్లలపై నాలుగు వారాలు పరీక్షించి 2009లో అమెరికాలో ఫలితాలు ఇచ్చారు. మాత్ర వేసుకున్నవాళ్ళలో సగానికి పైగా మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ సగానికి పైగా మెరుగయ్యారు! పక్కన పోల్చి చూసే గుంపు లేకపోతే ప్రతి పొడీ పనిచేసినట్టే కనిపిస్తుంది, మెడికల్ షాపుల్లో అలాగే అమ్ముడవుతుంది. ప్రోబయోటిక్స్ విషయంలో నిజంగానే జవాబు తేలలేదు. లాక్టోబాసిల్లస్ జీజీ అనే బాక్టీరియాతో ఇటలీలో 141 మంది పిల్లలపై చేసిన పరీక్షలో నొప్పి తగ్గింది. అంతకుముందు అమెరికాలో చేసిన పరీక్షలో అదే బాక్టీరియా ఉత్తుత్తి మందు కంటే నొప్పిని ఎక్కువ తగ్గించలేదు. కాబట్టి ఉత్తుత్తి పొడి వంతు వచ్చిన పాప రుజువైన వైద్యాన్నేదో కోల్పోతున్నట్టు కాదు.

నా అభిప్రాయం అడిగితే, పైన రాసిన ప్రమాద సూచనలు ఏవీ లేవని ఖాయమయ్యాక, మలబద్ధకం సంగతి తేలాక చేర్పించవచ్చు. పరీక్షలు ఫ్రీ అన్న కారణంతో మాత్రం కాదు. మీ పాపకు అవసరమైన పరీక్షలు ప్రభుత్వాసుపత్రిలో ఎలాగూ అందాలి. అధ్యయనం కోసం చేసేవి అధ్యయనం కోసమే. అందులో ఎన్నిసార్లు రక్తం తీస్తారో, ఎన్నిసార్లు స్కూలు మాని రావాలో, ప్రయాణ ఖర్చు ఎవరిదో మీవారిని కూర్చోబెట్టి లెక్క వేయమనండి.

సంతకం పెట్టే ముందు సమాచార పత్రం తెలుగులో అడిగి తీసుకుని ఇంటికి తెచ్చుకోండి. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం వాళ్ళ బాధ్యత. రాత్రి ఇంట్లో అందరూ వినేలా చదవండి, అత్తగారు అడిగే ప్రశ్నలు వెనక రాసుకోండి. సీటీఆర్ఐ నంబర్ ఉందా చూడండి. అది క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా, ఆ నంబర్ కొడితే అధ్యయనం వివరాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పరిశోధనలో పాల్గొనేవాళ్ళ రక్షణ చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, పాపకు హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం రాసి ఉన్నాయా, నొప్పి మరీ ఎక్కువైతే వేరే మందు ఇస్తారా, పాపకు ఏ పొడి వచ్చిందో చివర్లో చెబుతారా అడగండి. ఇప్పుడు వాడుతున్న గ్యాస్ సిరప్, ఈ మధ్య వాడిన యాంటీబయోటిక్ పేర్లు దాచకుండా చెప్పండి. వాటివల్ల పాపను అధ్యయనంలోకి తీసుకోలేమన్నా బాధపడకండి.

ఇక పాపను అడగాలి. 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల దగ్గర వాళ్ళ నోటిమాటగా ఒప్పుదల తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది డాక్టరు ముందు తల ఊపించే తతంగం కాకూడదు. ఇంట్లో, మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ‘రోజూ ఒక పొడి తాగాలి, అందులో మందు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, రక్తం ఇన్నిసార్లు తీస్తారు, నీకు ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చు’ అని. అడిగాక కాసేపు ఊరుకోండి. సూదికి భయపడి వద్దన్నా అది వద్దనడమే, బతిమాలి ఒప్పించకండి. అప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేసి మేం చేరడం లేదని చెబితే చాలు, కారణం కూడా చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కూడా అదే ఓపీలో, అదే డాక్టరు దగ్గర, అదే వైద్యం మీ పాపకు అందాలి. అందడం లేదనిపిస్తే ఎవరికి చెప్పాలో ఆ సమాచార పత్రం మీదే ఉంటుంది, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు.